ఇల్లు మారేటప్పుడు సామాను ఎక్కడ, ధమ్మం ఎక్కడ





ఈ మధ్య మన వాడల్లో ఏ గల్లీలోకి పోయినా ఒకటే దృశ్యం. తాతల నాటి గూనపెంకల ఇల్లు కూలగొట్టి, అదే జాగాలో ఇందిరమ్మ ఇల్లు కడుతున్నారు. సర్కారు ఇచ్చే 5 లక్షలు ఒక్కసారే చేతికి రావు. బేస్‌మెంట్ అయితే కొంత, గోడలు లేస్తే కొంత, స్లాబు పడితే కొంత. బిల్లు ఆగితే పని ఆగుతుంది. నాలుగు నెలలనుకున్నది ఎనిమిది నెలలవుతుంది. అన్ని రోజులూ మనుషులు ఎట్లనో సర్దుకుంటారు, చిన్నాయన ఇంట్లోనో, పక్కనే వేసుకున్న రేకుల షెడ్డులోనో. మరి సామాను? బీరువా అత్తగారి ఊళ్లో, మంచాలు పక్కింటోళ్ల వసారాలో, ఇత్తడి బిందెలు, బియ్యం డ్రమ్ము అంబేద్కర్ భవన్ మూలన.

పట్నంలో ఉన్న మనవాళ్లది ఇంకో తీరు. కిరాయి ఇల్లు ఖాళీ చెయ్యాల్సిన తారీఖు వచ్చేస్తుంది, కొత్త ఇల్లు మాత్రం దొరకదు. సామానంతా డీసీఎంలో ఎక్కించి ఏదో గోదాములో పెట్టి తాళం వేసి, నెలనెలా కిరాయి కడతారు. మనుషులు చుట్టాలింట్లో, బతుకు సూట్‌కేసులో.

మొన్న ఆదివారం వందన అయ్యాక ఒక అక్క అడిగింది. "అన్నా, బుద్ధుడు అన్నీ వదిలెయ్యమన్నడు గదా. మనం ఈ పాత మంచాలకు, గిన్నెలకు కిరాయి కట్టి మరీ దాచుకుంటున్నం. ఇది తృష్ణ కాదా?" అక్కడున్నవాళ్లలో సగం మంది నవ్వారు. కానీ అది నవ్వి వదిలేసే ప్రశ్న కాదు. ఇల్లు మారే ప్రతి ఉపాసకుడికీ పనికొచ్చే ప్రశ్న.

వదిలెయ్యమని మనకు ఎవరు చెబుతున్నారో ముందు అది చూసుకోవాలి. మనుస్మృతి పదో అధ్యాయం తీస్తే మన పూర్వీకుల సామాను జాబితా దొరుకుతుంది. నివాసం ఊరి బయట. తినడానికి పగిలిన పాత్రలు. కట్టుకోవడానికి శవం మీది గుడ్డలు. నగలంటే ఇనుము. ఆస్తి అంటే కుక్కలు, గాడిదలు. ఇది శాస్త్రంగా రాసిపెట్టిన మాట. అంటే మన నాయనమ్మ కూలికి పోయి, రూపాయి రూపాయి కూడబెట్టి, ఒక ఇత్తడి బిందె కొని దాని మీద పేరు చెక్కించుకుందంటే, ఆమె ఆ శాస్త్రాన్ని కొట్టిపారేసిందన్నమాట. ఆ బిందెను పట్టుకుని "ఇది తృష్ణ, పారెయ్యి" అనడానికి నాకు నోరు రాదు. ఏమీ లేనివాడికి వైరాగ్యం బోధించడం ఎప్పుడూ ఉన్నవాడికి లాభం.

తథాగతుడు అట్లా బోధించలేదు. బాబాసాహెబ్ తన 'బుద్ధుడు – ఆయన ధమ్మం'లో ఈ సంగతి స్పష్టం చేశారు. బుద్ధుడు పేదరికాన్ని పుణ్యమని పొగడలేదు. పేదవాణ్ణి ఉన్నదాంతో తృప్తిపడి పడి ఉండమనీ అనలేదు. సంపద రావచ్చు, అయితే అది నీతి దారిలో రావాలి, అంతే. అంగుత్తర నికాయంలో దీఘజాణు అనే కోలియ గృహస్థుడు వచ్చి సూటిగా అడుగుతాడు. మేము పెళ్లాం పిల్లలతో కాపురం చేసేవాళ్లం, చందనం పూసుకుంటాం, పూలు పెట్టుకుంటాం, డబ్బు ముట్టుకుంటాం, మాలాంటివాళ్లకు పనికొచ్చేది చెప్పండి అని. బుద్ధుడు ఆయన్ను అడవికి పొమ్మనలేదు. నాలుగు సంపదలు చెప్పాడు. మొదటిది కష్టపడి నైపుణ్యంతో పనిచేయడం. రెండోది ఆరక్ఖ సంపద. అంటే చెమటోడ్చి, ధర్మంగా సంపాదించినదాన్ని రాజుల నుంచి, దొంగల నుంచి, నిప్పు నుంచి, నీళ్ల నుంచి, ఇష్టంలేని వారసుల నుంచి కాపాడుకోవడం. మూడోది మంచి స్నేహితులు. నాలుగోది వచ్చేదీ పోయేదీ త్రాసు పట్టుకున్నవాడిలా చూసుకుని బతకడం.

కాబట్టి అక్కా, వానకు తడవకుండా, చెదలు పట్టకుండా నీ మంచాన్ని దాచుకోవడం తృష్ణ కాదు. అది ఆరక్ఖ సంపద. తథాగతుడు చెప్పిన రెండో సంపద.

ఇంకో సంగతి చెబితే మీకు ఆశ్చర్యం వేస్తుంది. సామాను ఎట్లా సర్ది పెట్టి పోవాలో వినయ పిటకంలోనే ఉంది. అదీ గృహస్థులకు కాదు, భిక్ఖులకు! చుల్లవగ్గలో వత్తక్ఖంధకం అనే భాగం ఉంది. అప్పట్లో కొందరు భిక్ఖులు విహారం విడిచిపెట్టి పోయేటప్పుడు చెక్క సామాను, మట్టి సామాను ఎక్కడివక్కడ వదిలేసి, తలుపులు, కిటికీలు బార్లా తెరిచి, ఎవరికీ చెప్పకుండా పోయేవారు. సామాను పాడైపోయింది, పోయింది. మిగతా భిక్ఖులు ఈ సంగతి తెచ్చి చెబితే బుద్ధుడు నియమం పెట్టాడు. పోయే భిక్ఖు చెక్క సామాను, మట్టి సామాను సర్ది పెట్టాలి. తలుపులు, కిటికీలు వెయ్యాలి. అక్కడున్న భిక్ఖుకు అప్పగించాలి. భిక్ఖు లేకపోతే సామణేరుడికి, ఆయనా లేకపోతే ఆరామంలో పనిచేసే మనిషికి. ఎవ్వరూ లేకపోతే? అప్పుడు మంచాన్ని నాలుగు రాళ్ల మీద నిలపాలి. మంచం మీద మంచం, పీట మీద పీట పేర్చాలి. పరుపులు, పక్కలు దానిపై కుప్పగా పెట్టి, తలుపులు మూసి, అప్పుడు కదలాలి. కప్పు కారుతుంటే చేతనైతే కప్పు వేయాలి. విహారమంతా కారుతుంటే, చేతనైతే సామాను ఊళ్లోకి చేర్చాలి. అదీ కుదరకపోతే ఆరుబయటే నాలుగు రాళ్ల మీద పేర్చి గడ్డితోనో ఆకులతోనో కప్పాలి, కొంతైనా మిగులుతుందేమో అని.

నాలుగు రాళ్లు! మన అమ్మలు బీరువా కింద నాలుగు ఇటుకలు పెడతారే, అదే. ఎవరూ వాళ్లకు పిటకం చదివి చెప్పలేదు. చెదలతో, నీళ్లతో బతికిన అనుభవం చెప్పింది.

ఈ నియమంలో నాకు బాగా పట్టిన విషయం ఒకటుంది. ఆ మంచం భిక్ఖుది కాదు. సంఘానిది. బాబాసాహెబ్ లెక్క చెప్పినట్టు భిక్ఖుకు సొంతమని ఉండేవి ఎనిమిదే. మూడు చీవరాలు, నడుముకు కట్టుకునే పట్టీ, భిక్షాపాత్ర, మంగలికత్తి, సూది, నీళ్లు వడకట్టే గుడ్డ. అంత తక్కువ ఉన్న మనిషిని, తనది కాని మంచాన్ని నాలుగు రాళ్ల మీద పెట్టి పొమ్మన్నాడు బుద్ధుడు. 'నాది' అనే పట్టు వేరు, జాగ్రత్త వేరు. పట్టు లేకుండా జాగ్రత్త ఉండొచ్చు. పట్టు మాత్రమే ఉండి జాగ్రత్త లేని ఇళ్లు కూడా బోలెడు చూశాం. ఒక్క గిన్నె ఎవరికీ ఇవ్వరు, వానాకాలానికి అన్నీ తుప్పు పట్టించుకుంటారు.

ఇక మన పనికి వద్దాం. సామాను వేరేవాళ్లింట్లో పెడుతున్నప్పుడు కాగితం మీద రాయండి. రెండు ప్రతులు. ఒకటి మీ దగ్గర, ఒకటి వాళ్ల దగ్గర. "అన్నదమ్ముల మధ్య కాగితమేంది" అని మొహమాటపడొద్దు. కాగితం లేకనే అన్నదమ్ముల మధ్య మాటలు పోతాయి. గ్రైండరు మోటారు కాలిపోయి రెండు కుటుంబాలు మూడేళ్లు పలకరించుకోకపోవడం నేను చూశాను. రెండో శీలం ఇక్కడ ఇద్దరికీ వర్తిస్తుంది. ఇయ్యనిది తీసుకోను అంటే దొంగతనం చెయ్యను అని మాత్రమే కాదు. దాచమని ఇచ్చినదాన్ని అడగకుండా వాడుకోవడం కూడా ఇయ్యనిది తీసుకోవడమే. అట్లాగే మూడు నెలలని చెప్పి, వాళ్ల అర్ర ఏడాది పాటు ఆపేస్తే, వాళ్లు ఇయ్యని జాగాను మీరు తీసుకున్నట్టే. గడువు పెరిగితే పోయి చెప్పండి. వాళ్లకు ఇబ్బందిగా ఉంటే మార్చండి.

ఫ్రిజ్జును నాలుగు రోజుల ముందే ఆపి, తుడిచి ఆరబెట్టి, తలుపు కొంచెం తెరిచి పెట్టండి, లేకపోతే బూజు పడుతుంది. పరుపులు నిటారుగా గోడకు ఆనించొద్దు, చెమ్మ లాగుతాయి. బట్టల్లో కలరా ఉండలు వేస్తారు సరే, చిన్నపిల్లలున్న ఇంట్లో వాటికంటే ఎండిన వేపాకు నయం. పుస్తకాలు గోనెసంచుల్లో కుక్కొద్దు. ఇనుప ట్రంకులో పెట్టండి.

పుస్తకాలంటే గుర్తొచ్చింది. 1917లో బాబాసాహెబ్ లండన్ నుంచి తిరిగొచ్చేటప్పుడు తన పుస్తకాలను విడిగా వేరే ఓడలో పంపారు. మొదటి ప్రపంచ యుద్ధం జరుగుతున్న రోజులు. జర్మన్ జలాంతర్గామి దాడిలో ఆ ఓడ మునిగిపోయింది. తిండి తగ్గించుకుని కొన్న పుస్తకాలు సముద్రం పాలయ్యాయి. ఆయన పుస్తకాలు కొనడం మాత్రం మానలేదు. తర్వాత దాదర్‌లో ఇల్లు కట్టించుకున్నప్పుడు పుస్తకాలకు చోటుండేలా కట్టించుకున్నారు. దానికి రాజగృహ అని పేరు పెట్టారు.

పిల్లల మెమోలు, కులం సర్టిఫికెట్, రేషన్ కార్డు, భూమి పాస్‌బుక్కు, ఇంటి మంజూరు కాగితం, ఇవి మాత్రం ఎవరింట్లోనూ, ఏ గోదాములోనూ పెట్టొద్దు. ఒక సంచిలో వేసి మీ వెంట ఉంచుకోండి. తడిసిన మంచం మళ్లీ నేయించుకోవచ్చు. పోయిన సర్టిఫికెట్ కోసం ఆఫీసుల చుట్టూ తిరగడం ఎట్లా ఉంటుందో మనకంటే ఎవరికి తెలుసు?

ఇంతవరకూ దాచుకోవడం గురించి. అయితే అక్క అడిగిన ప్రశ్నలో నిజం లేకపోలేదు. దీఘజాణుకు చెప్పిన నాలుగో సంపద, ఆ త్రాసు, మరిచిపోకూడదు. గోదాముకు నెలకు 2,000 చొప్పున ఆరు నెలలు కడితే 12,000. లోపల ఉన్నవన్నీ కలిపి అమ్మితే అంత రాదనుకోండి, అప్పుడు మనం దాస్తున్నది ఏమిటి? విరిగిన సోఫా, పిల్లవాడి చిన్నప్పటి సైకిలు, పనిచేయని టీవీ. సామాను మూట కట్టే రోజునే ప్రతి వస్తువునూ చేతిలోకి తీసుకుని అడగాలి, కొత్త ఇంట్లో దీనికి పనుందా, లేకపోతే వేరే ఎవరికైనా పనుందా అని.

కోశాంబిలో ఉదేన రాజు రాణులు ఆనందుడికి ఒకసారి 500 చీవరాలు దానమిచ్చారు. రాజుకు అనుమానం వచ్చింది, ఈ సన్న్యాసి ఏమైనా బట్టల దుకాణం పెడతాడా అని. వచ్చి అడిగాడు. బట్టలు చిరిగిన భిక్ఖులకు పంచుతాం అన్నాడు ఆనందుడు. మరి పాత చీవరాలు? పక్క మీద పరుచుకునే దుప్పట్లు చేస్తాం. పాత దుప్పట్లు? పరుపు గలేబులు. పాత గలేబులు? నేల మీద పరుపులు. అవీ పాతబడితే? కాళ్లు తుడుచుకునే పట్టలు. తర్వాత? దుమ్ము దులిపే గుడ్డలు. ఆ గుడ్డలు కూడా చిరిగిపోతే? నరికి, మట్టిలో కలిపి, నేల అలుకుతాం. రాజు సంతోషించి ఇంకో 500 ఇచ్చాడట.

మా అమ్మమ్మ పాత చీరతో బొంత కుట్టి, బొంత చిరిగితే మసిగుడ్డ చేసి, చివరికి పొయ్యి అలికే గుడ్డ చేసేది. కాబట్టి ఆనందుడి జవాబు మన ఆడవాళ్లకు కొత్తగా ఏమీ ఉండదు. కొత్త జబ్బు మనది, కొన్న ప్రతిదాన్నీ అట్టపెట్టెలో పెట్టి తాళం వేసే జబ్బు. మంచి మంచం ఒకటి ఎక్కువుంటే, కొత్తగా పెళ్లయి ఒంటి గదిలో నేల మీద పడుకునే జంట మన వాడలోనే ఉంటుంది. వాళ్లకిస్తే దానికి చెదలు పట్టదు.

ఇప్పుడు కొంచెం కటువుగా మాట్లాడాల్సిన విషయం. ఇల్లు పూర్తవుతుంది. స్లాబు ఎండింది, తలుపులు బిగించారు, కరెంటు మీటరు వచ్చింది. అయినా సామాను గోదాములోనే ఉంటుంది. ఎందుకని అడిగితే, ఆషాఢమండీ, శూన్యమాసం, ముహూర్తం లేదు అంటారు. ఎవరు? అక్టోబరు 14న పిల్లాపాపలతో తెల్లబట్టలు కట్టుకుని వచ్చి 22 ప్రతిజ్ఞలు గట్టిగా చదివినవాళ్లే! ఎనిమిదో ప్రతిజ్ఞ ఏం చెబుతుంది? ఏ కర్మకాండా బ్రాహ్మణులతో చేయించను అని. ముహూర్తం పెట్టించుకోవడం అందులోకి రాదని ఎవరైనా అంటే, నవ్వాలో ఏడ్వాలో తెలియదు. పైగా ఒక నెల కిరాయి దండగ, అదీ గోదాముకొకటి, ఉన్న ఇంటికొకటి.

నక్ఖత్త జాతకం ఈ జబ్బు గురించే. పట్నంవాళ్లు పల్లెటూరి పిల్లను ఖాయం చేసుకుని, పెళ్లి రోజున నక్షత్రం బాగుందా అని తమ ఆజీవకుణ్ణి అడిగారు. ముందే తనను అడగలేదన్న కోపంతో ఆయన, ఇవాళ బాగాలేదు, పోతే కీడు అన్నాడు. వాళ్లు ఆగిపోయారు. పల్లెవాళ్లు వండిన వంటలతో ఎదురుచూసి, చూసి, పిల్లను వేరేవాళ్లకిచ్చి పెళ్లి చేశారు. మర్నాడు పట్నంవాళ్లు వచ్చి కొట్లాటకు దిగితే, అక్కడున్న తెలివైనవాడు అంటాడు, పిల్ల దొరకడమే నక్షత్రం గదా, ఆకాశంలో చుక్కలు మీకేం చేసిపెడతాయి అని.

ఆషాఢం శూన్యమట! ఆషాఢ పున్నమి నాడే సారనాథ్‌లో తథాగతుడు ఐదుగురికి మొదటి ఉపదేశం చేశాడు. ధమ్మచక్రం కదిలిన నెల అది. బౌద్ధుడికి అంతకంటే నిండు నెల ఏముంది? ఆషాఢంలో సామాను దించండి. వాన ఉంటుంది కాబట్టి టార్పాలిన్ కప్పండి, అంతవరకే చూసుకోవాల్సింది. పాలు పొంగించాలని ముసలమ్మ ముచ్చటపడితే పొంగించండి, పాయసం వండి గల్లీ పిల్లలకు పోయండి. సుజాత పాయసం మనదే గదా. తూర్పు ముఖమా, ఈశాన్యమా అనే లెక్కలు మాత్రం గడప బయట వదలండి. త్రిశరణం, పంచశీల చెప్పుకుని, బాబాసాహెబ్ పటం పెట్టి లోపలికి నడవండి.

పటం అన్నాను గనక ఇంకో మాట చెప్పాలి. చాలామంది మనవాళ్లు పట్నంలో ఇల్లు మారేటప్పుడు ఆ పటాన్ని, బుద్ధుడి బొమ్మను అన్నింటికంటే అడుగున, దుప్పట్ల కింద పెట్టి కడతారు. కారణం అందరికీ తెలుసు. నేను ఇల్లు వెతికే రోజుల్లో ఒక ఓనరమ్మ జీతం అడిగింది, మాంసం తింటారా అని అడిగింది, చివరికి "ఏ పటాలు పెట్టుకుంటరు?" అంది. కులం అడగడానికి ఇప్పుడు అదొక మర్యాదైన దారి. ఇల్లు నాకు రాలేదు. డీసీఎం దిగేటప్పుడు పటం కనబడితే అడ్వాన్సు తిరిగిచ్చి పంపిన సంగతులు కూడా మన సమావేశాల్లో విన్నాం.

బరోడా గుర్తు చేసుకోండి. కొలంబియాలో చదివి వచ్చిన మనిషికి ఆ ఊళ్లో తల దాచుకునే చోటు లేదు. పార్శీ సత్రంలో పార్శీ పేరు మీద ఉండాల్సి వచ్చింది. పదకొండో రోజు పొద్దున కర్రలు పట్టుకుని గుంపు వచ్చింది, సాయంత్రానికల్లా ఖాళీ చెయ్యమంది. స్నేహితులను అడిగితే వాళ్లూ చోటు ఇవ్వలేకపోయారు. రాత్రి బొంబాయి రైలు దాకా కామాఠీ బాగ్ తోటలో కూర్చున్నారు. అప్పటికి ఆయన సామాను ఇంకా ఆ సత్రంలోనే ఉంది. రాత్రి 8 గంటలకు బండి కట్టించుకుని పోయి సామాను దించుకున్నారు. కాపలావాడు, ఆయన ఒకరితో ఒకరు ఒక్క మాట కూడా మాట్లాడుకోలేకపోయారు. ఇదంతా ఆయనే 'వెయిటింగ్ ఫర్ ఎ వీసా'లో రాశారు.

అందుకే ఇల్లు దొరకడం కోసం పటం దాచినవాళ్లను నేను వేలెత్తి చూపను. పిల్లల స్కూలు, ఉద్యోగం, చేతిలో ఉన్న పది రోజులు, ఈ ఒత్తిడి అనుభవించినవాడికే తెలుసు. కానీ ఒకటి అడుగుతాను. తాళం పడి, తలుపు మీదయ్యాక ఎన్ని రోజులకు ఆ మూట విప్పారు? కొన్ని ఇళ్లలో అది అటక మీదనే ఉండిపోతోంది. పిల్లవాడు అడుగుతాడు, మన తాత బొమ్మ ఏది నాన్నా అని. తర్వాత పెడదాం అంటాం. వాడు నేర్చుకునేది ఏమిటంటే, తాతను దాచాలి అని. అడిగినప్పుడు అబద్ధం చెప్పను అనే శీలం ఆ ఇంట్లో ఎక్కడ తగిలిస్తాం?

ఊళ్లో ఇల్లు కట్టుకునేవాళ్లది ఇంకో సాకు. "పటాలు మూట కట్టేసినం అన్నా, ఇల్లయినంక చూద్దాం." ఎనిమిది నెలలు వందన లేదు. రేకుల షెడ్డుకు మేకు దిగదా? ఒక పటం, ఒక కొవ్వొత్తి, నలుగురు మనుషులు. శ్రావస్తిలో జేతవనం కట్టకముందు కూడా ధమ్మం ఉంది, చెట్ల కిందే ఉంది.

చివరగా మన భవన్ సంగతి. చాలా ఊళ్లలో అంబేద్కర్ భవన్ ఏప్రిల్ 14కు తెరిచి, మళ్లీ ఏడాది దాకా తాళం వేస్తాం. ఇళ్లు కట్టుకునే ఈ రెండేళ్లూ అందులో ఒక గది సామానుకు ఇద్దాం. కిరాయి వద్దు. గోడ వెంట వరుసగా రాళ్లు పేర్చాలి. ఎవరి సామాను, ఏ తారీఖు దాకా అన్నది ఒక రిజిస్టరులో రాయాలి. తాళం చెవులు ఇద్దరి దగ్గర ఉండాలి, అందులో ఒకరు ఆడమనిషి అయ్యుండాలి. మాలలా మాదిగలా అనే మాట ఆ గది గడప దాటి రాకూడదు. వానాకాలం ముందే యువకులు పైకెక్కి కప్పు చూడాలి, కారితే తారు పూయాలి. వచ్చే ఆదివారం వందన తర్వాత ఈ పని మొదలుపెడదాం. గడ్డపార, నాలుగు తట్టలు, ఒక నిచ్చెన కావాలి. నిచ్చెన ఉన్నవాళ్లు ముందే చెప్పండి.

జైభీమ్.